185 పౌన్ల సాక్షి

నేనొక ఇనుప రాడ్డుని. ఒంటరిగా 45 పౌన్లు తూగుతాను. అటూ ఇటూ 45 పౌన్ల ప్లేటొకటి, 25 పౌన్ల ప్లేటొకటి తొడిగితే 185 అవుతాను, కిలోల్లో 84. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్ళని బెంచి మీద వెల్లకిలా పడుకోబెట్టి, నన్ను ఛాతీ దాకా దించి పైకెత్తమనేవాళ్ళు. ఎన్నిసార్లు ఎత్తితే అంత అంకె. నాకొచ్చిన విద్య అదొక్కటే.

2007లో ఓర్లాండోలో ప్రీ-డ్రాఫ్ట్ క్యాంపు. ఒక మూల బూట్లు విప్పించి ఎత్తు కొలుస్తున్నారు, ఇంకో మూల చేతులు చాపించి బార కొలుస్తున్నారు. సంతలో కోడెదూడల పళ్ళు లెక్కపెట్టడం చూసినవాళ్ళకి ఆ హాలు కొత్తగా అనిపించదు.

టెక్సాస్ యూనివర్సిటీ నుంచి కెవిన్ డ్యూరాంట్ వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు. వెదురు గెడలాంటి మనిషి. హైస్కూలు అయ్యాక ఏడాది ఆగందే లీగ్‌లోకి రానివ్వని నిబంధన కొత్తగా రావడంతో ఆ ఒక్క ఏడాదీ కాలేజీలో ఆడాడు. మ్యాచ్‌కి సగటున 25.8 పాయింట్లు, 11.1 రీబౌండ్లు. ఈ సంగతులేవీ నాకప్పుడు తెలియవు. రాడ్డుకి ఎవరు చెబుతారు?

పడుకున్నాడు. పట్టుకున్నాడు. దించాడు. అక్కడే ఆగిపోయాను. అతని చేతుల వణుకు నా రెండు చివర్లకీ పాకి ప్లేట్లు చప్పుడు చేశాయి. చివరికి పక్కనున్నవాళ్ళే నన్ను అందుకుని స్టాండు మీదికి చేర్చారు. కాగితం మీద సున్నా పడింది. ఒక్కసారి కూడా ఎత్తలేదని ఆ కబురు దేశమంతా తిరిగింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే ఉండింది.

కానీ పక్క మూలలో రాసిన అంకె సంగతి వినండి. అతని బార ఏడడుగుల నాలుగంగుళాల పైచిలుకు, సుమారు 225 సెంటీమీటర్లు. ఎత్తు కన్నా దాదాపు ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ. పొట్టి చేతులవాడు నన్ను జానెడు దూరం తోస్తే సరిపోయేచోట, ఆ చేతులు మూరెడు తోయాలి. అదే చేతులతో తలపైనుంచి బంతి వదిలితే ఆపడానికి ఎదుటివాడి వేళ్ళు అందవు. నా దగ్గర అతన్ని ఓడించిందీ, కోర్టులో అతన్ని గెలిపించబోయేదీ ఒకటే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే నా సున్నా చూసి అంత నవ్వుకునేవాళ్ళు కారు.

జూన్ 28న డ్రాఫ్ట్‌లో పోర్ట్‌లాండ్ జట్టు మొదటి పిలుపు గ్రెగ్ ఓడెన్‌కి ఇచ్చింది. సియాటిల్ రెండో పిలుపుతో డ్యూరాంట్‌ని తీసుకుంది. ఆ తప్పు నా నెత్తిన రుద్దకండి. ఏడడుగుల సెంటర్ దొరికితే వదలకూడదన్నది ఆ ఆటలో పాత నమ్మకం. ఓహయో స్టేట్‌ని ఫైనల్ దాకా నడిపించిన ఓడెన్‌ని ఆ రోజు కాదనడానికి గుండె కావాలి. సీజన్ మొదలవకముందే అతని కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మొత్తం మీద లీగ్‌లో 105 మ్యాచ్‌లే ఆడగలిగాడు. నేను ఛాతీ మీద వాలేదాన్ని, మోకాలి లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది? పాపం, అతని విషయంలో ఎవరైనా నవ్వితే నాకు కోపమొస్తుంది.

డ్యూరాంట్ 2008లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, 2014లో లీగ్‌కే ఉత్తమ ఆటగాడు. 2017లో, 2018లో గోల్డెన్ స్టేట్‌తో టైటిల్ గెలిచాడు. ఇప్పటికీ ప్రతి డ్రాఫ్ట్ ముందూ సన్నటి కుర్రాడెవరైనా కనిపిస్తే నా సున్నా కథ ఎవరో ఒకరు తవ్వి తీస్తారు. సన్నగా ఉన్న ప్రతివాడూ డ్యూరాంట్ అయిపోతాడన్నట్టు మాట్లాడతారు. ఆ బార ఎందరికుంది?

అన్నట్టు, నా బరువు ఇప్పటికీ 45 పౌన్లే.