పది దినముల సన్న్యాసము

వీపున 60 లీటర్ల సంచి, కాళ్ళకు కొండలెక్కు బూట్లు, ముఖమున అకారణమైన వైరాగ్యము సమకూర్చుకొని, పుదుచ్చేరి స్లీపరు బస్సెక్కి తన్ను తాను వెదకుకొన బయలుదేరు ఈ నూతన సంప్రదాయమును గూర్చి పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఏలయన వారి వారి ఇండ్లలోనే ఒకడైనను ఈపాటికి బయలుదేరి యుండును, లేదా సెలవు చీటి వ్రాసి యుండును. ప్రయాణమునకు నేను విరోధిని కాను. ఊరు చూచుట మంచిది, సముద్రము చూచుట మరియు మంచిది. సంచిని లీటర్లలో కొలుచుట నాకు బోధపడకున్నను క్షమించితిని. సహింపలేనివి ఆ వీడ్కోళ్ళు.

మా తమ్ముని కుమారుడు పది దినములకు పోయి, పదునొకండవ దినమున మరల అదే కుర్చీలో అదే కంప్యూటరు నెదుట కూర్చుండబోవుచున్నాడు. అట్టివానికి ఆఫీసులో ఒక సభ, అందొక కేకు, పోవునది బస్సులోనైనను ఆ కేకుపై విమానము బొమ్మ. మరునాటి రాత్రి మిద్దెపై మిత్రుల వీడ్కోలు, బిరియానీతో. ఆదివారము బంధువుల వీడ్కోలు; అందు వాని తల్లి కంట తడిపెట్టుకొనగా, వీడియో సరిగా రాలేదని తీయుచున్నవాడు ఆమెచే మరల పెట్టించెను. "పెదనాన్నగారూ, మీరు నాలుగు మాటలు చెప్పాలి" అనిరి. నడిరాత్రి ధాబావద్ద దిగినపుడు బస్సు నంబరు గుర్తుంచుకొమ్మని చెప్పి కూర్చుంటిని. సభవారు దానిని గంభీరమైన జీవితసత్యముగా గ్రహించి కరతాళధ్వనులు చేసిరి.

ఇంతటితో ముగిసినదా? మియాపూరులో బస్సెక్కునపుడు నాలుగవది. గుంపుగా నిలిచి, కౌగిలించుకొని, ఫొటోలు దిగి, చేతులూపిరి, బస్సు కదలెను. అయితే మన హైదరాబాదు ప్రైవేటు బస్సు కదలినంత మాత్రమున ఊరు విడుచుననుకొనువాడు అమాయకుడు. అది కూకట్‌పల్లిలో నిలుచును, అమీరుపేటలో నిలుచును, లక్డీకాపూలులో ఇంకను రాని ప్రయాణికునికి డ్రైవరు ఫోను చేసి "ఎక్కడున్నారండీ" అని బ్రతిమాలుచు అరగంట నిలుచును. ఈలోగా ఆ మిత్రబృందము మియాపూరులోనే మెట్రో ఎక్కి, ఎల్బీనగరులో దిగి, తాపీగా టీ త్రాగి, బస్సు వచ్చుసరికి అక్కడ సిద్ధముగా నిలిచినది. ఒకే మనుష్యునికి, ఒకే రాత్రి, ఒకే ఊరిలో రెండు మారులు వీడ్కోలు! వాడును మెట్టుపై నిలిచి, మొదటిసారికన్న అధికమైన దుఃఖముతో చేయి యూపెనట.

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని లోకమనుకొన్న దినములలో వీడ్కోలున కొక అర్థముండెను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకై చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరులో గాని తిరిగి చేరలేదు. ఆ దీర్ఘయాత్రలో ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊర అంగళ్ళున్నవి, ఏ బాట ఎట్టిదని పూసగ్రుచ్చినట్లు వ్రాయుటతోనే ఆయనకు సరిపోయెను గాని, తన్ను తాను వెదకుకొనుటకు తీరిక చిక్కినట్లు కానరాదు. ఇక ఆ పుదుచ్చేరికే 1908లో సుబ్రహ్మణ్య భారతి చేరినది ఆంగ్ల ప్రభుత్వపు నిర్బంధమును తప్పించుకొనుటకు. 1910 ఏప్రిల్ 4న అరవిందులు అక్కడ ఓడ దిగినది రహస్యముగా. వెనుకకు చూడక వచ్చిన ఆ మహనీయులకు ఎవరును కేకు కోయలేదు. పసుపుపచ్చ గోడకు ఆనుకొని ఫొటో దిగబోవు మావాడు ఐదు వీడ్కోళ్ళు పుచ్చుకొన్నాడు. ఫ్రెంచివారి జాడలే చూడవలెనన్న, అదే పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద, కాకినాడకు దాపుననే యానాము కలదు. కాని అచ్చట వాని మేనత్త కాపురమున్నది, అన్నము వడ్డించుచు "పెళ్ళెప్పుడురా" అని అడుగును. ఆత్మాన్వేషణకు అది అనుకూలమైన వాతావరణము కాదు.

తక్కువ సొమ్ముతో సామాన్యునివలె బ్రతుకుట నేర్చుకొనుచున్నానని పుదుచ్చేరినుండి వాడు వ్రాసినాడు. ఆరేడు మంచములున్న గదిలో పడుకొనుచున్నాడట. గదికి ఏసీ కలదట. ఇచ్చట నాకు నవ్వు రాలేదు. కర్నూలు జిల్లా పడమటి మండలములలో, కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతములలో, ఏటేట జనము సుగ్గికి, అనగా కూలిపనులకు వలస, పోవుచున్నారు. ఇంటికి తాళమువేసి, గింజల మూటయు వంటపాత్రలును నెత్తికెత్తి, చంటిబిడ్డను చంకనిడి, గుంటూరు మిరపచేలకు దొరికిన బండిలో దొరికినట్లు క్రిక్కిరిసి పోవుచున్నారు. బడికి పోవు పిల్లవాడు పుస్తకములు విడిచి వారి వెంట నడుచును, లేదా కదలలేని అవ్వ దగ్గర మిగిలిపోవును. పాలమూరు కూలీలు తరతరములుగ బొంబాయి దారి పట్టుచున్నారు. వారికిని వీపున సంచి కలదు. అది యూరియా సంచి. వారిని సాగనంపుటకు ఎవడును మెట్రో ఎక్కలేదు. ఆ అవ్వ దగ్గర మిగిలిన బిడ్డ ఏడ్చునపుడు, వీడియో సరిగా రాలేదు మరల ఏడువుమని అడుగువాడు లేడు. వారు తమ్ము తాము వెదకుకొనుటకు పోవుట లేదు. పని వెదకుకొనుటకు పోవుచున్నారు. ఈ దేశమున సామాన్యునివలె బ్రతుకుట నేర్చుకొనవలసినంత దూరమున మన పిల్లలుండుటయే అవమానము; పేదరికమును పది దినములకు అద్దెకు తెచ్చుకొని, దానికి స్వేచ్ఛయని పేరిడి, లోకముచే చప్పట్లు కొట్టించుకొనుట సిగ్గుమాలిన పని. పెద్దవాడనై, ఆదివారపు సభలో ఈ మాట వాని మొగముననే అనియుండవలసినది. బిరియానీ మిగిలినది, తినిపొండని ఎవరో చేయి పట్టుకొనిరి.

ఈ ఉదయము వాని మిత్రులు మా ఇంటికి దయచేసిరి. గురువారము తెల్లవారుజామున మావాడు తిరిగి వచ్చుచున్నాడట. ఎల్బీనగరులో ఒకటి, మియాపూరులో ఒకటి స్వాగతములు ఏర్పాటైనవట. పూలదండలకును, సహజముగ కేకునకును, చందా కావలెనట. ఇయ్యనని చెప్పితిని. నమ్మక, సాయంకాలము మరల వత్తుమని చెప్పిపోయినారు గనుక, ఈ మాట వారికి అచ్చులో తెలియజేయుచున్నాను.