పియానో ఆసామి

సికింద్రాబాద్ పాత బంగళాల వైపు వెళితే ఈ ఆసామి తగలక మానడు. ఇంట్లో పియానో ఉంటుంది, వాయించేవాళ్లు ఉండరు. ఊరొదిలి వెళ్తున్న ఏ దొర దగ్గరో తాతగారు కొన్నారట. దాని మీద లేసు గుడ్డ, గుడ్డ మీద పెళ్లి ఫొటోలు, పక్కన మనీప్లాంటు. ఏడాదికోసారి "అమ్మేద్దామనుకుంటున్నానండీ" అంటాడు. పది లక్షలకు తక్కువైతే నోరెత్తొద్దంటాడు.

లెక్క ఎక్కడిదంటే, మూత మీద బంగారు అక్షరాలతో బెర్లిన్ అని ఉంది కదా! పైగా ఆరుగురు పట్టినా కదలదు. బరువును బట్టి ధర కట్టడానికి అదేమైనా ఇత్తడి గంగాళమా అని ఎవరూ అడగరు.

"బెక్‌స్టైన్ కంపెనీదా అండీ?"

"కాదు. కానీ 1853 నుంచీ వాళ్లదీ బెర్లినే. ఒకే ఊరివాళ్లు!"

వెల కట్టడానికి ట్యూనర్ వస్తాడు. ఫొటోలన్నీ దింపించి, పైమూత ఎత్తి, టార్చి వేసి సీరియల్ నంబరు వెతుకుతాడు. తయారైన ఏడాది దాన్నిబట్టే తెలుస్తుంది.

"1912 నాటిదండీ."

ఆసామి భార్య వైపు గర్వంగా చూస్తాడు. "విన్నావా? నూరేళ్లు దాటింది!"

"అదేనండీ చిక్కు" అంటాడు ట్యూనర్. మంచి వయొలిన్‌కి వయసు వన్నె తెస్తుందేమో గాని, పియానోలో వేల భాగాలు అరుగుతాయి. సుత్తుల ఫెల్టు చిమటలు తినేశాయి. సౌండ్‌బోర్డు బీటలిచ్చింది. రెండు వందల పైచిలుకు తీగల్ని బిగించే పిన్నులు దిగిన కట్టె మన ఎండలకు ఎండి పట్టు వదిలింది. పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతుంది. 440 హెర్ట్జ్ దగ్గర పలకాల్సిన స్వరం 415 దగ్గర మూలుగుతోంది.

"వయసు మీదపడ్డాక గొంతు కాస్త దిగదుటండీ?" అని ఆసామి సర్దిచెబుతాడు. తర్వాత బ్రహ్మాస్త్రం తీస్తాడు. "మెట్లు చూడండి, అసలైన ఏనుగు దంతం! ఇదిగో అతుకు గీత, దంతానికే ఉంటుంది."

"అయితే అమ్మడమే కష్టమండీ. వన్యప్రాణి చట్టం దంతం అమ్మకం ఒప్పుకోదు."

"అబ్బే, ప్లాస్టిక్కే అయ్యుంటుంది లెండి!"

చివరికి ట్యూనర్ మెల్లగా తేలుస్తాడు. బాగు చేయించే ఖర్చుతో కొత్తది వస్తుంది. ఎవరైనా మోత కూలి పెట్టుకుని ఊరికే తీసుకుపోతానంటే ఇచ్చేయడమే లాభం.

ఆసామి ముఖం ఒక్క క్షణం వాడుతుంది. అంతలోనే తేరుకుని కాఫీ తెప్పిస్తాడు. నిజానికి అతనికి కావలసింది కొనేవాడు కాదు, వచ్చి చూసేవాడు. పియానో పోతే ఆటోవాళ్లకు 'పియానో వాళ్లిల్లు' అని గుర్తు చెప్పడం ఎలా? సంబంధాలు చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు మాట ఎక్కణ్ణించి ఎత్తుకోవడం? అందుకే బేరం కుదిరే సూచన కనబడితే చాలు, ఏదో ఒక వంకతో ధర పెంచేస్తాడు.

ఈసారి వంక వెతుక్కోనక్కర్లేకపోయింది. ట్యూనర్‌కు ఇచ్చిన ఫీజు రెండు వేలు. ఇప్పుడు పియానో ధర పది లక్షల రెండు వేలు.