బెజవాడ సూర్యభగవానునికి బహిరంగ లేఖ

సహస్రకిరణులును, సప్తాశ్వరథారూఢులును, బెజవాడ పురమునకు సర్వాధికారులునగు శ్రీ సూర్యభగవానులవారి దివ్యసముఖమునకు పురవాసి యొకడు సాష్టాంగపడి చేసికొను విన్నపము.

స్వామీ! ఈ నగరమున కలెక్టర్లు మారుదురు, కమిషనర్లు మారుదురు, వీధుల పేర్లు సైతము మారును. మిట్టమధ్యాహ్నము బీసెంటు రోడ్డును లాఠీ యెత్తకయే ఖాళీ చేయింపగల అధికారము మాత్రము తమకొక్కరికే చెల్లినది గనుక, ఈ యర్జీని మరియెవ్వరికిని గాక తమకే పెట్టుకొనుచున్నాను.

విషయమేమన, 1982లో ఐకోమాస్ సంస్థ ప్రతిపాదింపగా మరుసటి యేట యునెస్కో ఆమోదించిన ప్రపంచ వారసత్వ దినము ఏప్రిల్ 18న వచ్చును. ఆనాడు పిల్లలను వెంటబెట్టుకొని వారసత్వ నడకకు బయలుదేరిన ఉపాధ్యాయుడు మొగల్రాజపురము గుహలను చేరునప్పటికే విష్ణుకుండిన రాజులను మరచి మజ్జిగను స్మరించును. కావున ఆ యొక్క యుదయమున, తొమ్మిది గంటల వరకైనను, తమ ప్రతాపమును ఉపసంహరింప వేడుచున్నాను.

ఆ నడకలో పిల్లలకు చూపదలచినదెల్ల మా పూర్వులు తమతో నడపిన రాయబారమే. ఏటికావల ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహాలయమును తొలిచిన శిల్పులు ఇసుకరాతి కొండ కడుపులోనికే చొచ్చి, అనంతశయనుని తమ వేడిమి సోకని చలువలో పరుండబెట్టిరి. రాజాశ్రయము లేని గృహస్థులు సైతము తమకు తలవంచక, తమతో కలహింపక, డెల్టా గ్రామములందును, బందరులోను, మన వన్‌టౌను సందులలోను మండువా లోగిళ్ళను కట్టుకొనిరి. గానుగసున్నముతో లేపిన మందపు గోడలు పగటి వేడిని లోనికి రానీయక జాగుచేయును. నడిమి మండువా వేడిగాలిని పైకి సాగనంపి, వానకాలమున లోనికి వాలిన పెంకు చూరుల నీటిని దింపుకొనును. వీధియరుగు బాటసారికి నీడ నొసగును. ఇంజనీరు పట్టా లేని తాపీమేస్త్రి యెరిగిన ఈ శాస్త్రము పుస్తకములకన్న గోడలలోనే యెక్కువగా వ్రాయబడి యున్నది.

1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము, 2010లో సవరింపబడి, కేంద్రరక్షితమైన కట్టడమునకు చుట్టును నూరు మీటర్ల మేర నూతన నిర్మాణమును నిషేధించుచున్నది. ఏ జాబితాకును ఎక్కని మండువా లోగిలికి మాత్రము పొక్లెయినే తుది యతిథి.

ఇక మా నేరమును ప్రతివాది యెదుటనే విన్నవింపవలెను. అమరావతి స్తూపమును త్రవ్వి చూచిన రాబర్టు సూయెలు దొర 1887లో శంకుస్థాపన చేసిన విక్టోరియా జూబిలీ భవనము, అనగా నేటి బాపు మ్యూజియము, 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనాను సమర్పించిన ఘట్టముతో ముడిపడినది. ఆ ఘట్టమునకు సందర్భమైన కాంగ్రెసు సభలు జరిగినది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో. తమ యెండ అప్పుడును ఎండయే, అయినను జనసందోహమునకు కొదువ లేకపోయెను. కాబట్టి నేడు మ్యూజియము మెట్లెక్కకుండుటకు తమ పేరు చెప్పుకొనుట అబద్ధపు సాక్ష్యమని, కర్మసాక్షులగు తమరికి వేరుగ చెప్పనక్కరలేదు.

తొలి ప్రార్థనను తమరు త్రోసిపుచ్చుదురేని, ప్రత్యామ్నాయమొకటి కలదు. నవంబరు 19 మొదలు 25 వరకు వారసత్వ వారము జరుగును. కార్తికపు వనభోజనములు ఆ సమీపముననే వచ్చును. నడకను వానితో జతచేసి, గుహలు చూచిన పిల్లలను అదే పూట ఒక పాత లోగిలికి గొనిపోయి, మండువా నడుమ నిలిపి గాలి యెటు కదలుచున్నదో చెప్పుమని యడిగి, పిమ్మట పులిహోర వడ్డించినచో, తమరు దయతలచకున్నను కార్యము నెరవేరును.

మండువాను కూల్చి అద్దముల మేడ కట్టినవానికి మాత్రము కరెంటు బిల్లు రూపమున తమరు నెలనెలా విధించుచున్న జరిమానాను యథావిధిగా కొనసాగింప ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
బెజవాడ పౌరుడొకడు