హెచ్-ఇండెక్స్ సూత్రం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం: ఎన్ని పేపర్లకు తలా అన్ని సైటేషన్లకు తక్కువ కాకుండా లభించునో, ఆ సంఖ్యయే పరిశోధకుని హెచ్.

అవతారిక: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో భౌతికశాస్త్రాచార్యుడైన హోర్హే హిర్ష్, పండితుని యావజ్జీవ శ్రమను ఒక్క అంకెలో చెప్పదలచి 2005లో ప్రతిపాదించిన కొలమానానికి ఇది తెలుగు సేత.

టీక: పేపర్లకు = అచ్చయిన పరిశోధన వ్యాసాలకు; సైటేషన్లు = ఒకరి వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో ఆధారంగా పేర్కొనడాలు (చదివి పేర్కొన్నారా, చదవకుండానా అనే విచారణ సూత్రకారుడు పెట్టుకోలేదు); తలా = దేనికదే విడిగా.

తాత్పర్యం: ఒక అధ్యాపకుని ఆరు పేపర్లకు వరుసగా 48, 15, 7, 4, 4, 0 సైటేషన్లు ఉన్నాయనుకుంటే, నాలుగేసి తగ్గనివి కనీసం నాలుగున్నాయి గాని ఐదేసి తగ్గనివి ఐదు లేవు కనుక, ఆయన హెచ్ నాలుగు. మొదటి పేపరుకు ఇంకో వెయ్యి వచ్చిపడినా ఈ నాలుగు కదలదు.

విశేషాలు: అచ్చయినవాటికే లెక్క గనుక హెచ్ పేపర్ల సంఖ్యను మించదు; ఉదాహరణకు, 1927లో వెలువడిన సంపుటిలో గణితవేత్త రామానుజన్ పేపర్లు 37 కాగా, నోటుపుస్తకాలలోని వేల సూత్రాలు ఎందరికి అన్నం పెట్టినా, ఆ సంపుటిని బట్టి ఆయన హెచ్ 37 దాటదు.

పాఠాంతరాలు: పుస్తకాలనూ థీసిస్‌లనూ కూడా కలుపుకునే గూగుల్ స్కాలర్ పాఠంలో సంఖ్య సాధారణంగా పెద్దది, ఏరిన పత్రికలనే ప్రధానంగా లెక్కించే స్కోపస్ పాఠంలో చిన్నది. దరఖాస్తుదారులకు మొదటిదీ, ఎంపిక సంఘాలకు రెండవదీ ప్రామాణికంగా తోచడం వ్యాఖ్యాన సంప్రదాయంలో వింత కాదు.

పూర్వపక్షం: తన పేపరును తానే పేర్కొంటే చెల్లుతుందా? పై టీకలోని ‘మరొకరు’ అనే మాట టీకాకారుని ఔదార్యమే తప్ప మూలంలో లేదు. సొంత సైటేషన్లను తీసివేసి లెక్కించే వెసులుబాటు కొన్ని డేటాబేసుల్లో ఉన్నా, అడిగితే తప్ప అవి తీయవు. కనుక పై అధ్యాపకుడు ఏ విషయం మీదనైనా ఏడో పేపరు రాసి, దాని చివరి జాబితాలో తన నాలుగో పేపరునూ ఐదో పేపరునూ ఒక్కొక్కసారి చేరిస్తే, అది అచ్చయి లెక్కకెక్కిన నాటికి ఆయన హెచ్ ఐదు.