నాలుగు తీగల ఉద్యోగం

బేసిస్టు అంటే రాక్ బ్యాండు ఫోటోలో తప్పనిసరిగా ఉండి, ఫోటో కింద పేరు అడిగితే ఎవరికీ చప్పున గుర్తురాని మనిషి. పాటగాడు ముందుంటాడు. గిటారిస్టు పక్కన మెలికలు తిరుగుతుంటాడు. డ్రమ్మరు వెనక ఎత్తు మీద కూర్చుని చెమటలు కక్కుతుంటాడు. ఈ ముగ్గురూ వదిలేసిన చోటే బేసిస్టుది. అక్కడ స్పీకరు డబ్బా ఉంటే దాని పక్కన సర్దుకుంటాడు.

ఈ రకం మనిషి ఎక్కడైనా తయారు కావచ్చు గానీ, వెంకటమ్మనహళ్లి లాంటి ఊరు అందుకు బాగా అచ్చొస్తుంది. ఊరు కర్ణాటకలో, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది. తాలూకాకు మూడు పక్కలా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఊరి పేరులోనే ముందు వెంకటమ్మ, వెనక హళ్లి. ఇక్కడ పెరిగినవాడు హిందూపురం పోతే కన్నడపోడు, బెంగళూరు పోతే తెలుగోడు. బేస్ పని సరిగ్గా ఇదే. దరువువాళ్లు ఇతణ్ణి గిటారు మనిషి అంటారు, గిటారువాళ్లు దరువు మనిషి అంటారు. చిన్నప్పటి నుంచీ ఎల్ల మీద బతికినవాడికి ఇది అవమానంగా తోచదు.

ఎవడూ బేసిస్టు కావాలని బయల్దేరడు. కాలేజీలో నలుగురు చేరి బ్యాండు పెడతారు. అందులో ముగ్గురు గిటారిస్టులే ఉంటారు. ఇద్దరు మొండివాళ్లు. మూడోవాడు మంచివాడు కాబట్టి బేసిస్టు అవుతాడు. ఇది తుమకూరు కాలేజీలకే పరిమితమైన దురదృష్టం కాదు. 1961లో బీటిల్స్ బ్యాండును స్టువర్ట్ సట్‌క్లిఫ్ వదిలిపోతే, అప్పటిదాకా గిటారూ పియానో వాయించుకుంటున్న పాల్ మెకార్ట్నీ నెత్తిన ఆ పని పడింది. ఆయన తర్వాత ప్రపంచ ప్రఖ్యాతుడయ్యాడన్న ఒక్క ముక్క పట్టుకుని కాలేజీ బేసిస్టు మూడేళ్లు నెట్టుకొస్తాడు.

వాయిద్యం సంగతి. పూర్వం ఈ పనికి మనిషి కన్నా ఎత్తుండే డబుల్ బేస్ వాడేవారు. దాన్ని మెడలో తగిలించుకునే సైజుకు దించి 1951లో ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి పెట్టినవాడు అమెరికాలోని లియో ఫెండర్. ఆయనకు గిటారు వాయించడం రాదు. మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగు. పొడవెక్కువ, బరువెక్కువ. తీగలు లావు, ఆ తీగల ధర కూడా లావే. కొత్త బేస్‌తో ఊళ్లో బస్సు దిగినవాణ్ణి అరుగు మీది పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఏమప్పా, తక్కిన రెండు తీగలు యాడ పోగొట్టుకొంటివి?” రెండో ప్రశ్న ధర గురించి. తీగలు తగ్గితే ధర ఎట్లా పెరిగిందో ఆయనకు నచ్చచెప్పగలిగిన బేసిస్టు ఇంతవరకూ పుట్టలేదు. తంబూరాకూ నాలుగే తీగలని గుర్తుచేస్తే మాత్రం పెద్దాయన కొంత మెత్తబడతాడు. తంబూరా పట్టుకున్నవాడి పేరు కచేరీ కరపత్రంలో వేయరన్న సంగతి అప్పుడు ఎత్తకపోవడం మంచిది.

బేసిస్టు కష్టాలన్నిటికీ మూలం శబ్దశాస్త్రంలో ఉంది. అతని లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. చేతిలో ఇమిడే ఫోనులోని చిటికెడు స్పీకరు అంత కింది శబ్దాన్ని పలికించలేదు. అందుకే బెంగళూరులో కొడుకు వాయించిన పాట వీడియో వస్తే వెంకటమ్మనహళ్లిలో తల్లికి కొడుకు చెయ్యి ఆడటం కనిపిస్తుంది గానీ అది దేనికి ఆడుతోందో తెలియదు. “బాగుంది నాయనా, నువ్వెప్పుడు మొదలుపెడతావు?” అని ఆమె అడుగుతుంది. అప్పటికి పాట అయిపోయి ఉంటుంది.

ఇదే శాస్త్రం జాతర నాడు అతని పక్షాన నిలుస్తుంది. ఆ 41 కంపనాల స్వరం అల ఒక్కొక్కటి ఎనిమిది మీటర్లకు పైబడిన పొడవు. అంత పొడుగు అలకు పందిరి గుడ్డా మట్టిగోడా ఒక అడ్డు కాదు. పాట, గిటారు వేదిక ముందున్నవాళ్లకు దక్కుతాయి. వేదిక వెనక సంగటి కెలికేవాళ్లకు, ఎద్దుల కాడ నిద్రపోయేవాళ్లకు, రేకుల కొట్టంలో తలుపేసుకున్న కోడళ్లకు చేరేది బేస్ ఒక్కటే. రేకులు అదురుతాయి, చెంబులు గలగలమంటాయి. బేసిస్టుకున్న అసలైన శ్రోతలు వీళ్లే. కాకపోతే పాట వినడానికి వచ్చినవాళ్లు కారు.

కింది శబ్దానికి కరెంటు ఖర్చు కూడా ఎక్కువ. గిటారిస్టుకు 50 వాట్ల పెట్టె చాలినచోట బేసిస్టు కొన్ని వందల వాట్లు అడుగుతాడు. ఈ తాలూకాలోనే, తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. తన పెట్టెకు కావాల్సిన కరెంటుకు లోటు లేదని బేసిస్టు గర్వంగా చెప్పుకోవచ్చు. కార్యక్రమం రాత్రిపూట అన్నదే చిక్కు.

అతని పనిలో అధికారం లేకపోలేదు, అది గుట్టుగా ఉంటుంది. గిటారిస్టు తప్పు స్వరం వాయిస్తే దాన్ని శైలి అంటారు. పైన అందరూ సి మేజర్ వాయిస్తుండగా బేసిస్టు కింద ‘ఏ’ అనే స్వరం పెట్టాడా, అది అక్కడికక్కడే ఏ మైనర్ సెవెంత్ అయిపోతుంది. పెళ్లిపాట కాస్తా అప్పగింతల పాటలా వినిపిస్తుంది. జనానికి ఏదో అయిందని తెలుస్తుంది, ఎవరు చేశారో తెలియదు. అనుమానం పాటగాడి మీదికి పోతుంది. ఇంత సురక్షితమైన నేరం చెయ్యగల ఉద్యోగం సంగీతంలో మరొకటి లేదు.

వృత్తిగా చూస్తే బెంగళూరులో ఇతనికి పనికి కొదవుండదు. గిటారిస్టులు వీధికి పదిమంది, బేసిస్టులు పేటకు ఒకడు. కాబట్టి ఒకే బేసిస్టు నాలుగు బ్యాండ్లలో ఉంటాడు, నాలుగింటి వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉంటాడు. పబ్బు, కాలేజీ ఫెస్టు, కన్నడ రాజ్యోత్సవం నాటి ఆర్కెస్ట్రా, పగలు కంప్యూటరు కంపెనీలో పని. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆ కంప్యూటరు కంపెనీయే కాపాడుతుంది. లేకపోతే “గిటారా? పాడతాడా?” “పాడడండీ.” “మరేం చేస్తాడు?” దగ్గర మాట ఆగిపోతుంది. ఇలాంటి చోట చెప్పుకోవడానికి ఇండియన్ ఓషన్ బ్యాండు బేసిస్టు రాహుల్ రామ్ పనికొస్తాడు. ఆయన అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు.

జాతిలో దొరలూ ఉన్నారు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించిన ఐరన్ మెయిడెన్ బ్యాండును 1975లో పెట్టినవాడు బేసిస్టు స్టీవ్ హారిస్. బ్యాండుకు యజమాని కావడం బేసిస్టు కంటపడే ఒక మార్గమని దీన్నిబట్టి తెలుస్తుంది. రెండో మార్గం ది హూ బ్యాండులో జాన్ ఎంట్‌విసిల్ చూపించాడు. గిటారిస్టు గిటారు పగలగొడుతుంటే, డ్రమ్మరు డ్రమ్ములు తన్నేస్తుంటే, ఈయన స్తంభంలా నిలబడి వాయించుకుపోయేవాడు. ఆ నిలబడటమే వింతగా చూశారు.

అందరిలోకీ పెద్ద జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ 1960లలో విడుదల చేసిన హిట్లలో లెక్కలేనన్నిటికి బేస్ వాయించాడు, అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే. రికార్డు అట్ట మీద పేరుండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బం ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద వేశారు. 1983లో పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2000లో.

లోకం ఎంత పట్టించుకోకపోయినా బేస్ విలువ తెలిసినవాళ్లు కొందరున్నారు, దొంగలు. మెకార్ట్నీ హోఫ్నర్ బేస్‌ను 1972లో లండన్‌లో వ్యానులోంచి ఎత్తుకుపోయారు. అది మళ్లీ ఆయన చేతికి చేరిన సంగతి 2024లో బయటికొచ్చింది. జేమర్సన్ బేస్ ఆయన పోవడానికి కొద్దిరోజుల ముందు ఇంట్లోంచి పోయింది. ఇంతవరకు దొరకలేదు.