టెలిస్కోపు పెట్టుకున్న ఆదిమానవుడు

అమెరికాలో ఏటా కొన్నాళ్లపాటు ఆదిమానవులు మళ్లీ పుడతారు. పికప్ ట్రక్కుల్లో అడవికి వస్తారు. జింకల వేటకు అక్కడ చాలా రాష్ట్రాల్లో మామూలు తుపాకుల సీజన్ కాక, పాతకాలపు ఆయుధాల వాళ్లకు వేరే రోజులు కేటాయిస్తారు. గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకితో ఒక దెబ్బ తప్పిందంటే, రెండోది కూరేలోపు జింక ఊరు దాటేస్తుంది. ఆ కష్టానికి పరిహారంగా అదనపు రోజులు. న్యాయమే.

పెన్సిల్వేనియా 1974లో ఈ ముచ్చట మొదలుపెట్టినప్పుడు చెకుముకి తుపాకులే తెమ్మంది. రాయి ఉక్కును గీరాలి, రవ్వ రాలాలి, పళ్లెంలో మందు తడవకుండా ఉండాలి. తడిసిందా, 'టిక్' మంటుంది. జింక తలెత్తి చూసి తన దారిన పోతుంది.

ఇప్పుడు మిసిసిపీకి పదండి. అక్కడి నిబంధనల్లో .35 కాలిబర్‌కు తగ్గకుండా, ఒక్క తూటా మాత్రమే పట్టే రైఫిల్ కూడా 'ప్రాచీన' ఆయుధమే. ఇత్తడి కాట్రిడ్జిని వెనకనుంచి దోపుకోవచ్చు. పైన టెలిస్కోపు బిగించుకోవచ్చు. తూటాను పేల్చే సుత్తి మాత్రం బయటికి కనబడాలట! కారు దిగి తెల్ల రేషన్ కార్డు చూపించేవాళ్లను మనం ఎరుగుదుం కాబట్టి ఇందులో మనకు వింతేమీ ఉండదు. కష్టానికిచ్చిన రాయితీ చేతిలో పడ్డాక కష్టాన్ని వదిలించుకోవడం ఏ దేశంలోనైనా ఒకటే.

ఈ వేటగాళ్లలో కొందరు అసలు నిబంధనలే వద్దంటారు. "మా పూర్వీకులు ఎవర్ని అడిగి వేటాడారు?" అంటారు. నిజమే, అడగలేదు. గురి తప్పితే ఆ పూట పస్తు పడుకున్నారు కూడా. 2016లో ఒక అమెరికన్ వేటగాడు కెనడాలోని అల్బెర్టాకు వెళ్లి, బల్లేనికి కెమెరా కట్టి ఎలుగుబంటి మీదికి విసిరాడు. వీడియో లోకమంతా తిరిగింది. బల్లెం వేటను నిషేధిస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. పూర్వీకుడు పాపం గుహ గోడ మీద బొమ్మ గీసుకుని తృప్తిపడ్డాడు.

ఆయుధం పాతదైతే వేట సాత్వికమైపోతుందా? బాణం జింకను రక్తం కార్చి చంపుతుంది. కొట్టాక అరగంట ఆగి, ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ వెళ్లమని విల్లు వేటగాళ్లే కొత్తవాళ్లకు నేర్పుతారు. ఆ అరగంట ఎవరిదో వేరే చెప్పాలా? రాబిన్ హుడ్ కథలు చెప్పుకునే బ్రిటన్‌లోనే విల్లుతో జింకను కొట్టడం నేరం.

మన 1972 వన్యప్రాణి చట్టమైతే విల్లంబులనూ కత్తినీ వలనూ ఉచ్చునూ తుపాకితో ఒకే వరసలో కూర్చోబెట్టింది. నల్లమలలో చెంచు తాత దుప్పి మీద బాణం వేస్తే కేసు. అతని విల్లుకు 'ప్రాచీన' హోదా ఇమ్మని పైరవీ చేసే తుపాకుల కంపెనీ ఏదీ లేదు మరి.

మళ్లీ అమెరికాకు వస్తే, ఐడహో రాష్ట్రం మాత్రం కాస్త పట్టుదల చూపించింది. మూతిలోంచి మందు కూరే తుపాకులకే కేటాయించిన సీజన్‌లో మందు గుళికలు పనికిరావు, పొడిగానే పోసుకోవాలి, టెలిస్కోపు ఊడదీసి రావాలి అంది. దాని మీదా ఫిర్యాదులే. వయసు మీదపడింది, టెలిస్కోపు లేకపోతే జింక ఆనడం లేదు అంటారు. ఆననిదాని మీదికి తుపాకి ఎందుకు పేల్చడం, నాయనా?