ముఖ్య అతిథిని పిలవకండి

మన ఊళ్లలో బడీ, వ్యాపారమూ కలుసుకునేది జెండా పండగల రోజే. ఆగస్టు 15కి మిల్లు యజమానిని ముఖ్య అతిథిగా పిలుస్తాం. ఆయన జెండా ఎగరేసి, కష్టపడి చదువుకోమని చెప్పి, పిల్లలకు పెన్నులు పంచి వెళ్లిపోతారు. మళ్లీ జనవరి 26 దాకా మాటల్లేవు. పిల్లలు బతుకుతెరువుకు సిద్ధపడాలంటే ఈ పద్ధతిని తిరగేయాలి. నేను చెప్పేవి వినగానే పెడసరంగా తోస్తాయి. అయినా ఒక్క ఏడాది పాటించి చూడమని హెడ్మాస్టర్లనూ దుకాణాలవాళ్లనూ అడుగుతున్నాను.

విరాళాలు అడగకండి. ఫ్యానో బీరువానో ఇచ్చి పేరు రాయించుకున్నాక, ఇచ్చినవారికి బాధ్యత తీరిపోయినట్టుంటుంది. తీసుకున్నవారికి మరొకటి అడగడానికి మొహం చెల్లదు. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టమని 2013 కంపెనీల చట్టం చెప్పింది పెద్ద కంపెనీలకు. మన వీధిలోని లేత్ షాపుకూ మందుల షాపుకూ దానితో పని లేదు. వాళ్ల దగ్గర నెలకు రెండు గంటల సమయం అడగండి.

పిల్లల్ని వెంటనే షాపులకు తీసుకుపోకండి. ముందు టీచర్లు వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్‌నే తీసుకోండి. కంపెనీ నుంచి వచ్చిన లారీ ఛాసిస్ మీద అక్కడి షెడ్లలో బాడీ కడతారు. ఫ్రేము మూలమట్టంగా వచ్చిందో లేదో చూడటానికి మేస్త్రీ టేపు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు, తర్వాత రెండో వైపు మూల నుంచి మూలకు కొలుస్తాడు. రెండు కొలతలూ ఒకటైతేనే వెల్డింగ్. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని బోర్డు మీద నిరూపించే లెక్కల టీచరు ఆ టేపు రెండో కొస పట్టుకున్నారంటే, మర్నాడు చెప్పే పాఠం వేరుగా ఉంటుంది. అదే టేపు మీద ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు. అంగుళంలో ఎనిమిదో వంతంటే 3.175 మిల్లీమీటర్లు. భిన్నాలూ దశాంశాలూ ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లవాడికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఇది: దుకాణంలో బాగున్నవి చూపించమనకండి, చెడిపోయినవి చూపించమనండి. కొత్త మిషను చూసి పిల్లలు ఫొటో దిగి వస్తారు. పాడైన షాఫ్టు చేతికిస్తే ప్రశ్నలు మొదలవుతాయి. లేత్ మీద షాఫ్టు మిల్లీమీటరులో పదో వంతు ఎక్కువ తెగినా బేరింగు వదులైపోతుంది. అది తుక్కులో పడాలి, లేదంటే వెల్డింగ్ పోసి మళ్లీ తీయాలి. ఆ కూలి ఎవరు భరించారు? గిరాకీతో ఏమని చెప్పారు? ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచేదీ ఆ పదో వంతే. కానీ ల్యాబులో తప్పితే పోయేది ఒక మార్కు, ఇక్కడ ఒక రోజు కూలి. కిరాణా కొట్టులోనూ అంతే. కొన్నవెల, అమ్మినవెల లెక్కల పాఠ్యపుస్తకంలో ఉంటాయి. అరువు పట్టుకెళ్లినవాడు మూడు నెలలైనా మొహం చూపించకపోతే ఆ లాభం ఏమైందో కొట్టు ఖాతా పుస్తకమే చెప్పాలి. పేర్లు కప్పి ఒక పేజీ చూపించమని అడగండి. యజమానులారా, మీ నష్టాలు చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. మీ విజయగాథ కంటే పిల్లలకు పనికొచ్చేది అదే.

పని మాత్రం చేయించకండి. ఇందులో నాకు రాజీ లేదు. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మంచి మాట. ఆ పది రోజులనూ దసరా ముందు బట్టల షాపులో మడతలు పెట్టడానికి వాడుకుంటే అది బాలకార్మికమే. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 18 లోపువారిని ప్రమాదకరమైన పనుల్లోకి పంపకూడదు. చూడటం, అడగటం, కొలవటం, రాసుకోవటం, అంతవరకే. లేత్ తిరుగుతున్నప్పుడు పిల్లలు నేల మీద గీసిన గీత అవతలే ఉండాలి.

ఇక ఎవరిని ఎక్కడికి పంపాలి? లెక్కల్లో వెనకబడ్డవాణ్ని మెకానిక్ షెడ్డుకూ, ఫస్టు వచ్చినవాణ్ని బ్యాంకుకూ పంపడం మనకు అలవాటు. అలా పంపితే షెడ్డు శిక్షగా మారిపోతుంది, అక్కడ పనిచేసేవాళ్లకూ అవమానం. తిరగేసి పంపండి. ఆడపిల్లల్ని తప్పకుండా లేత్ షాపుకు పంపండి, మగపిల్లల్ని టైలరింగ్ షాపుకు పంపండి. బస్సు నిండా అరవై మందిని ఎక్కించి పెద్ద ఫ్యాక్టరీ చూపించుకురావడం విహారయాత్ర. చిన్న షాపులో ఐదుగురే ఉండాలి, అప్పుడే ఓనరుకు వాళ్ల పేర్లు తెలుస్తాయి.

హెడ్మాస్టరు గారూ, జూన్‌లో బడి తెరిచిన మొదటి శనివారమే లెక్కల టీచరును వెంటబెట్టుకుని దగ్గర్లోని షెడ్డుకు వెళ్లండి. లెటర్‌హెడ్డూ వద్దు, విరాళాల పుస్తకమూ వద్దు. మా పిల్లలు ఐదుగురొస్తే వాళ్ల ప్రశ్నలకు జవాబు చెబుతారా అని మేస్త్రీని అడగండి.